గ్లౌజుకు ప్రమాణం ఉంది, చేతికి హక్కేదీ?

ప్రభుత్వాసుపత్రిలో ఒక్క కాన్పు చుట్టూ ఎన్ని చేతులు పని చేస్తాయో లెక్క వేసి చూడండి. తల్లిని ఊరినుంచి వెంటబెట్టుకొచ్చిన ఆశా కార్యకర్త చేతులు, బి.పి. చూసి సెలైన్ పెట్టిన నర్సు చేతులు, బిడ్డని బయటికి తీసిన డాక్టరు చేతులు, మాయనీ రక్తపు గుడ్డల్నీ ఎత్తిన ఆయా చేతులు, బల్లనీ నేలనీ కడిగి సంచీ కట్టి మోసుకెళ్ళిన స్వీపరు చేతులు. వీటిలో ఎక్కువ భాగం ఆడవాళ్ళ చేతులే. రక్తం అందరికీ అంటుతుంది. అందులో కామెర్ల క్రిమి ఉంటే అది డాక్టరు చేయి, స్వీపరు చేయి అని తేడా చూడదు. తేడా చూసేది ఆసుపత్రి. డాక్టరుకు శుద్ధి చేసి కవరులో పెట్టిన, సైజు నంబరు వేసిన గ్లౌజు. నర్సుకు డబ్బాలోంచి తీసుకునే పల్చటి గ్లౌజు, అదీ స్టోరులో ఉంటే. ఆయాకు మిగిలినవి. స్వీపరుకు కాంట్రాక్టరు దయ. ఆశాకు చాలా చోట్ల అదీ లేదు.

దీన్ని అధికారులు "కొరత" అంటారు. బడ్జెట్ పెరిగితే, టెండరు త్వరగా తేలితే సర్దుకుంటుందంటారు. కానీ ఈ కొరత ఎప్పుడూ ఒకే వరసలో ఎందుకు వస్తుంది? వచ్చినప్పుడల్లా ముందుగా ఖాళీ అయ్యేది స్వీపరు చేయే ఎందుకు? ఈ వరసలో చదువు, జీతం, కులం, ఆడా మగా తేడా అన్నీ ఉన్నాయి. గ్లౌజు ఎలా ఉండాలో చెప్పే ప్రమాణాలు మన దేశంలో ఉన్నాయి. ఆ గ్లౌజు ఎవరికి, ఏ పనికి, ఎన్ని ఇవ్వాలో నిలదీసి అడిగే శక్తి మాత్రం ఆ పని చేసే స్త్రీకి లేదు. వస్తువుకు ప్రమాణం ఉండి మనిషికి హక్కు లేకపోతే, ఆ ప్రమాణం అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య ఒప్పందంగా మిగిలిపోతుంది. నా వాదన అంతా ఇదే.

ఒక నర్సు చేతుల కోసం పుట్టిన వస్తువు

1889-90 ప్రాంతంలో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి ఆపరేషన్ గదిలో కెరొలిన్ హాంప్టన్ హెడ్ నర్సుగా పని చేసేది. ఆ రోజుల్లో క్రిముల్ని చంపడానికి పాదరసపు లవణం కలిపిన నీళ్ళు వాడేవాళ్ళు. ఆ నీళ్ళలో నాని నాని ఆమె చేతుల చర్మం చెడిపోయింది. అక్కడి సర్జన్ విలియం హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీకి చెప్పి ఆమె కోసం పల్చటి రబ్బరు గ్లౌజులు చేయించాడు. 1890లో వాళ్ళిద్దరూ పెళ్ళి చేసుకున్నారు. ఆమె ఉద్యోగం మానేసింది. వైద్య చరిత్ర దీన్ని ప్రేమకథగా చెప్పుకుంటుంది.

మనం దీన్ని వేరే విధంగా చదవాలి. ఇది పని వల్ల వచ్చిన జబ్బు కథ. ఆసుపత్రిలో రబ్బరు గ్లౌజు అడుగు పెట్టింది ఒక శ్రామిక స్త్రీ చర్మాన్ని కాపాడడానికి. రోగికి చీము పట్టకుండా అది ఆపుతుందన్న సంగతి తర్వాత తేలింది. హెర్నియా ఆపరేషన్లలో అందరూ గ్లౌజులు వేసుకున్నాక చీము పట్టడం బాగా తగ్గిందని హాల్‌స్టెడ్ శిష్యుడు జోసెఫ్ బ్లడ్‌గుడ్ 1899లో లెక్కలతో చూపించాడు. అక్కడినుంచి గ్లౌజు సర్జను వస్తువైంది. దాని మంచిచెడ్డలు నిర్ణయించడం సర్జన్లకూ కంపెనీలకూ చెందిన వ్యవహారమైంది. ఏ చేతుల కోసం పుట్టిందో ఆ చేతులు వెనక్కి పోయాయి.

అవి మళ్ళీ గుర్తుకొచ్చింది ఎయిడ్స్ కాలంలో. ఏ రోగి రక్తాన్నైనా ఒకే రకం జాగ్రత్తతో ముట్టుకోవాలన్న "సార్వత్రిక జాగ్రత్తల" సూత్రాన్ని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 1987లో ప్రకటించింది. అయితే సూత్రం ఒక్కటే చాలలేదు. అక్కడి ఉద్యోగుల సంఘాలు 1986 నుంచే కార్మిక శాఖను చట్టం కోసం అడుగుతూ వచ్చాయి. 1991లో అది వచ్చింది. దాని ప్రకారం గ్లౌజులు యజమాని ఖర్చుతోనే ఇవ్వాలి, తగిన సైజుల్లో ఇవ్వాలి, పని చేసే చోట చేతికందేలా ఉంచాలి, రబ్బరు పడనివాళ్ళకు వేరే రకం ఇవ్వాలి. ఈ నాలుగు మాటల్నీ గుర్తు పెట్టుకుందాం. మన దగ్గర లేనివి సరిగ్గా ఇవే.

ప్రమాణం ఏం చెబుతుంది, ఏం చెప్పదు

మన దేశంలో ఆపరేషన్ గ్లౌజులకు ఐ.ఎస్. 13422 అనే ప్రమాణం ఉంది. రోగిని పరీక్షించేటప్పుడు వేసుకునే గ్లౌజులకు ఐ.ఎస్. 15354 ఉంది. ఇవి చదివి అర్థం చేసుకోలేనివేమీ కావు. ఇలాంటి ప్రమాణాల్లో ముఖ్యమైన పరీక్ష నీళ్ళ పరీక్ష. గ్లౌజులో ఒక లీటరు నీళ్ళు పోసి వేలాడదీస్తారు. రెండు నిమిషాల తర్వాత ఎక్కడైనా నీళ్ళు కారుతున్నాయేమో చూస్తారు. తెగేదాకా లాగి ఎంత బలానికి తెగిందో కొలుస్తారు. 70 డిగ్రీల వేడిలో 7 రోజులు ఉంచి మళ్ళీ లాగుతారు. నిలవ ఉన్న గ్లౌజు ఎలా ఉంటుందో దాన్నిబట్టి అంచనా వేస్తారు. మందం, పొడవు, అరచేతి వెడల్పు కొలుస్తారు.

నీళ్ళ పరీక్షలో ప్రతి గ్లౌజునూ చూడరు. లాట్‌లోంచి కొన్ని తీసి చూస్తారు. పరీక్ష గ్లౌజుల్లో నూటికి రెండున్నర దాకా చిల్లులున్నా ఆ సరుకును అంగీకరించవచ్చన్నది అంతర్జాతీయంగా నడుస్తున్న హద్దు. రోజుకు 20 జతలు, అంటే 40 గ్లౌజులు మార్చే నర్సు లెక్కన చూడండి. సరుకు ఆ హద్దు అంచున ఉంటే ఆమెకు రోజుకొక చిల్లు గ్లౌజు వస్తుంది. అదీ ప్రమాణానికి పూర్తిగా లోబడిన సరుకు సంగతి. ఎవరూ పరీక్షించకుండా స్టోరుకు చేరిన సరుకు సంగతి చెప్పక్కర్లేదు.

ఇక ప్రమాణం చెప్పని విషయాలు. పరీక్ష గ్లౌజుకు సూది గుచ్చుకుంటే ఆపుతుందా అనే పరీక్ష పెట్టరు. ఎందుకంటే ఆ పల్చటి రబ్బరు సూదిని ఆపలేదు. సూదిని తుడుచుకుని లోపలికి పోయే రక్తాన్ని కొంత తగ్గిస్తుంది, అంతే. గంటసేపు బట్టలు పిండినా, గచ్చు రుద్దినా గ్లౌజు నిలుస్తుందా అని కూడా చూడరు. అది ఆ పనికి చేసినది కాదు. కొత్త గ్లౌజుకు నీళ్ళ పరీక్ష ఒకటి, వాడుతున్న గ్లౌజు గట్టితనం ఇంకొకటి. 1999లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో ఆసుపత్రి పనుల్లాంటి కదలికలు చేయించాక లేటెక్స్ గ్లౌజులు నూటికి 4 లోపు, నైట్రైల్ గ్లౌజులు నూటికి 3 లోపు కారాయి. వినైల్ గ్లౌజులు రకాన్నిబట్టి నూటికి 12 నుంచి 61 దాకా కారాయి. వినైల్ చవక. తక్కువ ధర పాడినవాడికే టెండరు అనే పద్ధతిలో ఏది గెలుస్తుందో మనకు తెలుసు.

సైజు సంగతీ అంతే. అరచేతి వెడల్పు చిన్న సైజుకు 80 మిల్లీమీటర్లు, మధ్య సైజుకు 95, పెద్ద సైజుకు 110, అటూ ఇటూ పదేసి తేడాతో, అని ప్రమాణాలు చెబుతాయి. అంటే చిన్న చేతులకు చిన్న గ్లౌజు ఉండాలని కాగితం మీద ఒప్పుకున్నారు. ఇండెంటులో మాత్రం "గ్లౌజులు – ఇన్ని డబ్బాలు" అని రాస్తారు. వచ్చేవి మధ్యవీ పెద్దవీ. వేలి కొసన రబ్బరు ముడతలు పడుతుంటే నరం దొరకదు, టేపు అంటుకుపోతుంది, సూది పట్టు తప్పుతుంది. అప్పుడు నర్సు ఆ చేతి గ్లౌజు తీసేసి పని చేస్తుంది. చూసినవాళ్ళు నర్సుకు నిర్లక్ష్యం అంటారు. మగవాళ్ళ చేతిని కొలతగా పెట్టుకుని ఆడవాళ్ళకు ఇచ్చిన పనిముట్టు గురించి ఎవరూ మాట్లాడరు. వరికోత యంత్రం నుంచి పోలీసు బూటు దాకా మనం ఎరిగిన సంగతే ఇది.

ఎవరి పనికి ఏ గ్లౌజు

స్వీపరు పనిని ఒకసారి చూద్దాం. ఆమె వార్డులో చెత్తబుట్టలు ఎత్తుతుంది. ఎరుపు సంచీలో ఉండాల్సింది పసుపులో, పసుపులో ఉండాల్సింది నల్లదాంట్లో ఉంటే చేత్తో ఏరుతుంది. గుడ్డల మధ్య ఎవరో పారేసిన సూది ఉంటుంది. బ్లీచింగ్ నీళ్ళలో చేతులు పెడుతుంది. ఆమెకు కావలసింది మోచేతి దాకా వచ్చే మందపాటి రబ్బరు గ్లౌజు. దాన్ని కడిగి, ఆరబెట్టి, చిరిగితే వెంటనే మార్చాలి. ఒకరిది ఒకరు వాడకూడదు. ఇచ్చేది మాత్రం నర్సు వాడే పల్చటి గ్లౌజు, లేదంటే హోటళ్ళలో వడ్డనకు వాడే పాలిథీన్ తొడుగు. రెండూ సంచీ మూతి బిగించేలోపే చిరుగుతాయి. "గ్లౌజులు ఇచ్చాం" అని రిజిస్టరులో సంతకం ఉంటుంది. ఏ గ్లౌజు అని అడిగే గడి ఆ రిజిస్టరులో ఉండదు.

ఆ స్త్రీ ఆసుపత్రి ఉద్యోగి కాదు. పారిశుధ్యం పని ఏజెన్సీకి ఇచ్చారు. సూపరింటెండెంటును అడిగితే ఏజెన్సీని అడగమంటారు. ఏజెన్సీ సూపర్‌వైజరు "ఇష్టం లేకపోతే మానెయ్, పదిమంది ఉన్నారు" అంటాడు. ఆ పదిమంది కూడా ఎక్కువగా దళిత స్త్రీలే, ఒంటరి ఆడవాళ్ళే, పిల్లల్ని సాకుతున్నవాళ్ళే. మలం, రక్తం, మాయ ఎత్తే పనికి కొన్ని కులాల చేతులే ఉండాలని సమాజం ఎన్నడో తీర్మానించింది. ఆ తీర్మానాన్ని ఇవాళ ఔట్‌సోర్సింగ్ టెండరు అమలు చేస్తోంది. వాళ్ళ చేతులు ఎలాగూ మురికివేనన్న నమ్మకం లోపల లేకపోతే, మందపాటి గ్లౌజు కొనడం ఇంత కష్టమయ్యేది కాదు.

ఆశాల పరిస్థితి మరీ విచిత్రం. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన వీళ్ళని ప్రభుత్వం "స్వచ్ఛంద కార్యకర్తలు" అంటుంది. కాన్పుకు తోడు వెళ్తారు. దారిలో ఆటోలోనే నొప్పులు ముదిరితే వట్టి చేతుల్తో బిడ్డని పడతారు. క్షయ రోగుల కఫం డబ్బాలు మోస్తారు. 2020 ఆగస్టులో దేశవ్యాప్తంగా ఆశాలు సమ్మె చేసినప్పుడు కోవిడ్ పనిలో రక్షణ సామగ్రి కావాలన్నది ముఖ్యమైన డిమాండ్లలో ఒకటి. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళకు అవార్డు ఇస్తే ప్రభుత్వం గర్వంగా చెప్పుకుంది. వాళ్ళని కార్మికులుగా గుర్తించాలని 2013లో 45వ భారత కార్మిక మహాసభ చేసిన సిఫారసును మాత్రం పక్కన పడేసింది. కార్మికురాలు కాని మనిషికి పని వల్ల గాయం కాదు. "సేవ" చేసేవాళ్ళకు రక్షణ పరికరం అడిగే హక్కు ఉండదు. సేవ అనే మాటతో ఎంత డబ్బు ఆదా అవుతుందో ఆడవాళ్ళకి చెప్పాలా?

ప్రభుత్వం శ్రద్ధ పెట్టిన రబ్బరు

మన ప్రభుత్వానికి రబ్బరు వస్తువుల నాణ్యత గురించి తెలియదని ఎవరైనా అంటే నమ్మకండి. అదే రబ్బరు పాలతో చేసే నిరోధ్‌కు ఔషధ నియమాల్లో ప్రత్యేకంగా ఒక షెడ్యూలే ఉంది. చిల్లులు, బలం, అన్నీ చట్టప్రకారం తప్పనిసరి. స్త్రీల శరీరాల్లో పెట్టే కాపర్-టీ, ఆపరేషన్‌లో గొట్టాలకు బిగించే రింగులు కూడా చాలా ముందే ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి. ఇవి రావడం మంచిదే, వద్దనడంలేదు. అదే ఆపరేషన్ శిబిరంలో రక్తం తుడిచిన ఆయా చేతికి వేసిన గ్లౌజు మాత్రం ఆ పరిధిలోకి రావడానికి 2020 ఏప్రిల్ 1 దాకా ఆగాల్సొచ్చింది. ఆ రోజునుంచి వైద్య పరికరాలన్నిటినీ చట్టం కిందికి తెచ్చారు. జనాభా లక్ష్యాల కోసం స్త్రీ గర్భసంచి అవసరమైనప్పుడు రబ్బరుకు ప్రమాణం వెంటనే దొరికింది. స్త్రీ శ్రమ మాత్రమే ఉన్న చోట అర్ధ శతాబ్దం పట్టింది.

అది వచ్చాక కూడా జరిగింది చూడండి. 2017 వైద్య పరికరాల నియమాల్లో ప్రమాదాన్నిబట్టి నాలుగు తరగతులు పెట్టారు. మామూలు పరీక్ష గ్లౌజులు అన్నిటికంటే కింది తరగతిలో పడ్డాయి. 2022 అక్టోబరులో ఆ తరగతిలో స్టెరిలైజు చేయని, కొలతలకు వాడని పరికరాలకు లైసెన్సు అక్కర్లేదన్నారు. తన సరుకు సరైనదేనని తయారీదారు తానే ప్రకటించి నమోదు చేసుకుంటే చాలు. ప్రమాదం తక్కువ అని ఈ వర్గీకరణ చెబుతోంది. ఎవరికి తక్కువ? రోగికి తక్కువ. రోజుకు నలభై గ్లౌజులు మార్చే స్త్రీని ఆ లెక్కలో ఎవరు కలిపారు?

గ్లౌజే జబ్బు తెచ్చినప్పుడు

గ్లౌజు ఇవ్వడంతో బాధ్యత తీరదనడానికి పొడి కథ చాలు. తొడుక్కోవడం సులువని లేటెక్స్ గ్లౌజుల లోపల మొక్కజొన్న పిండి చల్లుతారు. రబ్బరులోని ప్రొటీన్లు ఆ పిండికి అంటుకుంటాయి. గ్లౌజు లాగినప్పుడల్లా గాలిలోకి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కొందరికి దురద, దద్దుర్లు, తుమ్ములు, కొందరికి ఉబ్బసం, అరుదుగా ప్రాణం మీదికి కూడా వస్తుంది. 1987 తర్వాత గ్లౌజుల వాడకం ఒక్కసారిగా పెరిగినప్పుడు పాశ్చాత్య దేశాల్లో ఎంతోమంది నర్సులు దీని బారిన పడ్డారు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ 1997లో హెచ్చరిక జారీ చేసింది. 1998లో లేటెక్స్ ఉన్న పరికరాల మీద ఆ సంగతి రాయాలన్నారు. పొడి గ్లౌజుల్ని నిషేధించింది మాత్రం 2017 జనవరి 18 నుంచి. అంత తెలిసిన దేశంలోనే ఇరవై ఏళ్ళు పట్టింది.

మన మందుల షాపుల్లో పొడి గ్లౌజులు డబ్బాలకు డబ్బాలు అమ్ముతూనే ఉన్నారు. చేతులు పగిలి ఎర్రబడిన నర్సు డ్యూటీ మార్చమంటే "ఇంట్లో అంట్లు తోమడంలేదా, అప్పుడు రాదా?" అనే మాట వినాలి. ఇంటి చాకిరీ ఆమె చేతిని ఎలాగూ పాడు చేస్తుంది కనక ఆసుపత్రి పాడు చేసినా లెక్క లేదన్నమాట. చర్మం పగిలిన చేతికి రక్తం అంటితే క్రిమికి దారి మరింత సులువవుతుందన్న సంగతి వైద్యం చదివినవాళ్ళకు మనం చెప్పాల్సి రావడం సిగ్గుచేటు.

చట్టం కళ్ళకు ఏది ప్రమాదం

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. కార్మికుల ఆరోగ్య హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1995లో ఆస్‌బెస్టాస్ కేసులో తీర్పు చెప్పింది. 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం వ్యర్థాలు ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి, రక్షణ పరికరాలు ఇవ్వాలి, పనిలో చేరేటప్పుడూ తర్వాత ఏడాదికొకసారీ వైద్య పరీక్ష చేయించాలి. ఇందులో పర్మనెంటు ఉద్యోగి అనే మాట లేదు, ఏజెన్సీ మనిషికీ వర్తిస్తుంది. 2018 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన హెచ్.ఐ.వి. చట్టం ఆసుపత్రులు సార్వత్రిక జాగ్రత్తలకు కావలసిన ఏర్పాట్లు చేయాలని, శిక్షణ ఇవ్వాలని, సూది గుచ్చుకుంటే నివారణ మందులు ఇవ్వాలని చెబుతోంది.

అయితే అదే 2016 నియమాల్లో "పెద్ద ప్రమాదం" అనే మాటకు ఇచ్చిన నిర్వచనం చదవండి. వ్యర్థాలు తీసుకెళ్ళే లారీ తిరగబడితే పెద్ద ప్రమాదం. వ్యర్థాలు చెరువులో పడితే పెద్ద ప్రమాదం. సూది గుచ్చుకోవడంలాంటివి అందులోకి రావని విడిగా రాసి పెట్టారు. అవి ఏడాది చివర నివేదికలో అంకెగా చేరితే చాలు. టీకా వేసుకోని మనిషికి హెపటైటిస్-బి ఉన్న రక్తపు సూది గుచ్చుకుంటే నూటికి 6 నుంచి 30 మందికి ఆ జబ్బు అంటవచ్చు. హెపటైటిస్-సి అయితే నూటికి ఇద్దరికి, హెచ్.ఐ.వి. అయితే వెయ్యికి ముగ్గురికి. లారీ తిరగబడితే ఊరికి ప్రమాదం, నిజమే. స్వీపరు కాలేయం పాడైతే ఎవరికి ప్రమాదం? ఆమెకూ ఆమె పిల్లలకూ. అది చట్టం భాషలో చిన్నది.

నోరు తెరిచి అడిగితే ఏమవుతుందో కూడా చూశాం. 2020 ఏప్రిల్‌లో విశాఖ జిల్లాలో ఒక ప్రభుత్వ డాక్టరు మాస్కులూ రక్షణ దుస్తులూ చాలడంలేదని బహిరంగంగా అన్నందుకు సస్పెండయ్యారు. డాక్టరుకే ఆ గతి పడితే, రేపటి కూలి సూపర్‌వైజరు చేతిలో ఉన్న స్త్రీ ఏ ధైర్యంతో అడుగుతుంది?

"వాళ్ళే వేసుకోరు"

ఈ సమస్య ఎత్తగానే వచ్చే జవాబు ఇది. ఇచ్చినా వేసుకోరు, అవగాహన లేదు, శిక్షణ ఇవ్వాలి. కట్నం చావుల దగ్గర్నుంచి రక్తహీనత దాకా ఆడవాళ్ళ సమస్య ఏదైనా చివరికి ఆడవాళ్ళ అవగాహన లోపంగా తేలడం మనకి కొత్త కాదు. మే నెలలో ఫ్యాను లేని గదిలో చెమటతో అతుక్కుపోయే గ్లౌజు, చేతికి పట్టని గ్లౌజు, సగం పనిలో చిరిగే గ్లౌజు, తీశాక చేతులు కడుక్కోవడానికి నీళ్ళు రాని కుళాయి. ఒక నర్సుకు నలభై మంచాలు అప్పగించి, మంచానికి మంచానికి గ్లౌజు మార్చమనడం. ఇవన్నీ సరి చేసి, అప్పుడు కూడా వేసుకోకపోతే అవగాహన గురించి మాట్లాడుకుందాం.

ఇంకో వాదన కూడా ఉంది. గ్లౌజులు దుబారా చేస్తున్నారని, అవసరం లేని చోట కూడా వేసుకుంటున్నారని. ఇందులో కొంత నిజం ఉంది. గ్లౌజు చేతులు కడుక్కోవడానికి బదులు కాదు. ఒకే గ్లౌజుతో పది మంచాలు తిరిగితే రోగి నుంచి రోగికి జబ్బు మోసినట్టే. కనక మనం అడిగేది గ్లౌజుల గుట్టలు కాదు. ఏ పనికి ఏ గ్లౌజు అన్న లెక్క. నిజానికి ఆ లెక్క లేకపోవడం వల్లే దుబారా, కొరత రెండూ ఒకే ఆసుపత్రిలో పక్కపక్కన ఉంటున్నాయి.

తొడుగు చాటున వెలి

మన సంఘాలు మరచిపోకూడని ఇంకొక కోణం ఉంది. రోగిగా వెళ్ళిన స్త్రీకి గ్లౌజు అవమానంగా కూడా ఎదురవుతుంది. హెచ్.ఐ.వి. ఉన్న గర్భిణికి రెండు జతల గ్లౌజులు వేసుకుని దూరం నుంచి చూడడం, మంచానికి చీటీ తగిలించడం, చివరికి కాన్పు చేయకుండా పంపేయడం మన రాష్ట్రాల్లో స్త్రీల సంఘాలకు తెలియని విషయాలు కావు. సార్వత్రిక జాగ్రత్తల సూత్రం దీనికి విరుగుడు. అందరి దగ్గరా ఒకే జాగ్రత్త తీసుకుంటే ఎవరినీ వేలెత్తి చూపనక్కర్లేదు. గ్లౌజులు అరకొరగా ఇచ్చినప్పుడే "ఎవరి దగ్గర వేసుకోవాలి" అనే ఎంపిక మొదలవుతుంది. ఆ ఎంపిక పేదవాళ్ళ మీద, దళితుల మీద, సెక్స్ వర్కర్ల మీద, ట్రాన్స్ జెండర్ల మీద పడుతుంది. కాబట్టి పని చేసే స్త్రీ రక్షణనీ, మంచం మీద ఉన్న స్త్రీ గౌరవాన్నీ ఒకదానికొకటి పోటీగా నిలబెట్టేవాళ్ళని మనం నమ్మకూడదు. రెండిటికీ ఒకే పరిష్కారం.

మనం అడగాల్సినవి

మొదటిది, గ్లౌజు హోదాని బట్టి కాక పనిని బట్టి ఇవ్వాలి. ఆపరేషన్‌కు, పరీక్షకు, వ్యర్థాల పనికి, రసాయనాల పనికి వేర్వేరు గ్లౌజులు ఏవో రాసి, ప్రతి వార్డు గోడ మీద తెలుగులో అంటించాలి.

రెండోది, ఇండెంటులో సైజులు విడివిడిగా రాయాలి. అవి ఎన్నెన్ని కావాలో ఆ వార్డులో పని చేసే స్త్రీలను అడిగి రాయాలి.

మూడోది, కొనే ప్రతి లాట్‌కూ నీళ్ళ పరీక్ష, బలం పరీక్ష స్వతంత్ర లేబొరేటరీలో చేయించి ఫలితాలు బయట పెట్టాలి. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆసుపత్రులకు సరుకులు కొనే వైద్య సేవల, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థలకు ఇది కష్టం కాదు. పొడి గ్లౌజులు కొనడం మానాలి.

నాలుగోది, ఏజెన్సీతో చేసుకునే ఒప్పందంలో గ్లౌజులు, టీకా, వైద్య పరీక్ష షరతులుగా ఉండాలి. ఏజెన్సీ ఇవ్వకపోతే ఆసుపత్రి ఇచ్చి ఆ డబ్బు బిల్లులో కోసుకోవాలి. మనిషి జీతంలో కాదు.

అయిదోది, ఆశాలను కార్మికులుగా గుర్తించాలి. 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చిన లేబర్ కోడ్లు కూడా వాళ్ళని ఉద్యోగులుగా గుర్తించలేదు. అంతవరకూ ఆగకుండా ఆశా సంచీలో గ్లౌజులు, సబ్బు ఉండి తీరాలి.

ఆరోది, సూది గుచ్చుకున్న ప్రతి సంఘటననూ వెంటనే నమోదు చేసి మందు ఇవ్వాలి. చెప్పినందుకు ఎవరి పనీ పోకూడదు.

ఇవి అడగడానికి మనం డాక్టర్లం కానక్కర్లేదు. 2005 సమాచార హక్కు చట్టం కింద మీ జిల్లా ఆసుపత్రికి ఒక దరఖాస్తు పెట్టండి. పోయిన ఏడాది ఎన్ని గ్లౌజులు కొన్నారు, ఏ రకం, ఏ సైజు, ఏ ప్రమాణం, పరీక్ష నివేదిక ఎక్కడ, పారిశుధ్య కార్మికుల్లో ఎంతమందికి హెపటైటిస్-బి మూడు డోసులూ పూర్తయ్యాయి, సూది గుచ్చుకున్న కేసులు ఎన్ని నమోదయ్యాయి. సున్నా అని జవాబొస్తే అది మంచి వార్త అనుకోకండి. నమోదు చేసే పుస్తకమే లేదని దాని అర్థం కావచ్చు. మీ సమావేశంలో ఒక డబ్బా గ్లౌజులు తెచ్చి, లీటరు నీళ్ళు పోసి, గడియారం చూస్తూ రెండు నిమిషాలు పట్టుకుని నిలబడండి. ప్రమాణం అంటే ఏమిటో ఆయాలకూ స్వీపర్లకూ అరగంట ఉపన్యాసం కంటే అది బాగా చెబుతుంది. తెలిశాక అడుగుతారు.

పనిలో భద్రత అంటే మన ఉద్యమాల్లో చాలాకాలం ఫ్యాక్టరీ, గని, మగ కార్మికుడు అనే అర్థమే ఉండేది. ఆసుపత్రి కూడా ప్రమాదకరమైన పని చోటేనని, అక్కడ గాయపడేది ఎక్కువగా స్త్రీలేనని కార్మిక సంఘాలు ఒప్పుకోవాలి, స్త్రీల సంఘాలు ఒప్పించాలి. కామెర్లు వచ్చి పని మానేసి ఊరికి వెళ్ళిపోయిన స్వీపరు పేరు ఏ రిజిస్టరులోనూ లేదు. అలాంటి పేర్లు మొదట రాయాల్సింది మనమే.